నాలుగు ట్రాకులు - పది వాద్యములు



ఒక్క మనుష్యుడు తన యింట కూర్చుండి, తానే పాడి, తానే వాద్యములన్నియు వాయించి, వానిని మేళముగా కూర్చుకొనుట యెట్లు సాధ్యమయ్యెనో నేడు మనవి చేసెదను.

1948లో వెలువడిన ‘లవర్’ అను గ్రామఫోను రికార్డులో అమెరికా దేశీయుడగు లెస్ పాల్ అనేక గిటారు వాదనములను తానొక్కడే వినిపించెను. ఒక పళ్ళెముపై ముద్రించిన నాదమును వినుచు, దానితో కూడ మరల వాయించి, రెంటిని వేరొక పళ్ళెముపైకి ఎక్కించుట యతని పద్ధతి. 1967లో బీటిల్సు బృందమువారు లండనులో నాలుగు ట్రాకుల టేపు నిండినపుడు, దానిని కుదించి వేరొక యంత్రముపైకి మార్చి, మిగిలిన ట్రాకులలో క్రొత్త నాదములను చేర్చిరి. ఇట్లు నిండినవానిని కలిపి చోటు చేసికొనుటకే బౌన్సింగని పేరు.

1979లో జపాను దేశపు టియాక్ సంస్థ ‘పోర్టాస్టూడియో 144’ అను యంత్రమును వెలువరించుటతో ఈ విద్య సామాన్యుని యింటికి వచ్చెను. మామూలు స్టీరియో కాసెట్టునకు ఒక్కొక్క వైపున రెండేసి ట్రాకులుండును. ఈ యంత్రము ఆ నాలుగింటిని ఒకే దిశలో, రెట్టింపు వేగముతో నడిపెను. మొదటి మూడు ట్రాకులను నింపి, నాల్గవ వాద్యమును అప్పుడే వాయించుచు, అన్నిటిని నాల్గవ ట్రాకుపైకి చేర్చినచో, మొదటి మూడును మరల వాడుకొనవచ్చును. పిదప ఇదే రీతిని మూడవ ట్రాకుపై మూడు, రెండవదానిపై రెండు, చివర మొదటిదానిపై ఒకటి. ఈ లెక్కను నాలుగు ట్రాకులలో 10 వాద్యములు ఇమిడిపోవును.

అయితే దీనికి మూల్యము లేకపోలేదు. కాసెట్టు టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లయినను లేదు. అందు నాలుగు ట్రాకులు. మార్చిన ప్రతిసారియు టేపు బుస కొంత పెరుగును, పైస్థాయి నాదములు మందగించును. అంతకంటె పెద్ద చిక్కు, ఒకసారి కలిసిన గొంతులు మరల విడివడవు.

ఈ సంగతి నాకు అనుభవముచే తెలిసినది. మా అమ్మ పాటను వీణతోను మృదంగముతోను కలిపి నాల్గవ ట్రాకునకు మార్చి, తొందరపడి తక్కినవానిపై క్రొత్త వాద్యములను ముద్రించితిని. మరునాడు వినగా మృదంగము ఆమె గొంతును కప్పివేసియున్నది. తగ్గించుటకు దారి లేదు. మరల పాడుమని వేడితిని; పాడినది. నాటి పాట మాత్రము రాలేదు.

నేడు కంప్యూటరులో ట్రాకులకు కొదువ లేదు. ఏ గొంతునైనను ఎప్పుడైనను సవరింపవచ్చును. అయినను చెరుపుటకు ముందు ఒక్కసారి తుదిదాక వినుట నాకు అలవాటైనది. ఆ బుద్ధి నేర్పిన కాసెట్టు ఇంకను నా పెట్టెలో నున్నది. మృదంగము వెనుక, చెవి యొగ్గినచో, మా అమ్మ గొంతు వినబడును.