విషపు నేల మీద పచ్చిక

నయాగరా జలపాతం దగ్గర లవ్ కెనాల్ అని ఒక పేట ఉంది. ఎప్పుడో తవ్వడం మొదలుపెట్టి సగంలో వదిలేసిన కాలువను హుకర్ కెమికల్ కంపెనీ 1942 నుంచి రసాయన వ్యర్థాల గొయ్యిగా వాడుకుంది. సుమారు 20 వేల టన్నులు పూడ్చి, మట్టి కప్పి, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్కూలు బోర్డుకు రాసిచ్చి చేతులు దులుపుకుంది. ముందుముందు ఎవరికేం జరిగినా తమకు పూచీ లేదని దస్తావేజులోనే రాయించుకుందంటే, కింద ఏముందో కంపెనీకి తెలియదనుకోలేం. అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. డెబ్బైల్లో ఇళ్ల సెల్లార్లలోకి రసాయనాలు ఊరాయి. లోయిస్ గిబ్స్ అనే గృహిణి ఇరుగుపొరుగును కూడగట్టి పోరాడింది. 1978లో అధ్యక్షుడు కార్టర్ అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు.

రెండేళ్లకు సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. నేలను పాడుచేసినవాడే బాగుచేయించాలన్నది దాని సారం.

చట్టం రాకముందే సియాటిల్‌లో ఒక ప్రయోగం జరిగింది. 1956లో మూతపడిన గ్యాస్ ప్లాంటును పార్కుగా మార్చే పని ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ రిచర్డ్ హాగ్ చేతికొచ్చింది. తుప్పుపట్టిన టవర్లను ఆయన కూల్చనివ్వలేదు. తారుతో నల్లబడ్డ మట్టిలో మురుగునీటి బురద, రంపపు పొట్టు కలిపించాడు. సూక్ష్మజీవులే నూనెలను తినేస్తాయని ఆయన లెక్క. 1975లో పార్కు తెరిచారు. లెక్క పూర్తిగా కుదరలేదు. 1984లో పరీక్షల్లో విషపదార్థాలు తేలడంతో కొన్నాళ్లు మూసేయాల్సి వచ్చింది. అయినా దారి చూపింది మాత్రం హాగే.

జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో ఇలాంటి పార్కునే రూపొందించిన పీటర్ లాట్జ్ ఇంకాస్త జాగ్రత్తపడ్డాడు. 1985లో ఆగిపోయిన ఉక్కు కొలిమిని అలాగే ఉంచి, మరీ విషపూరితమైన వ్యర్థాలను పాత బంకర్లలో పెట్టి మూసేయించాడు. ఇప్పుడు అక్కడి గోడలు జనం ఎక్కుతున్నారు, నీళ్లు నింపిన గ్యాస్ ట్యాంకులో డైవింగ్ నేర్చుకుంటున్నారు. లండన్ 2012 ఒలింపిక్స్ కోసం తూర్పు భాగంలోని పాత పారిశ్రామిక నేల మట్టిని అక్కడికక్కడే కడిగి, మళ్లీ అక్కడే వాడింది.

మరి మన దేశం? 1984 గ్యాస్ ప్రమాదం నాటి నుంచి భోపాల్ యూనియన్ కార్బైడ్ ఆవరణలో పడి ఉన్న వ్యర్థాల్లో 337 టన్నులు 2025 జనవరిలో గానీ పీథంపూర్‌కు కదల్లేదు. అక్కడ వాటిని కాల్చేశారు. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం నిబంధనలు తెచ్చిందీ ఆ ఏడాదే. ఆవరణలోని మట్టినీ, చుట్టుపక్కల బస్తీల భూగర్భ జలాన్నీ శుభ్రం చేసే పని మాత్రం అలాగే మిగిలింది.