పక్కింటి చిన్న గెలాక్సీల్లో నక్షత్రాలు పుట్టడం ఎందుకు ఆగిపోయింది?

ఈ రోజు మన పాలపుంత చుట్టూ ఉన్న చిన్న గెలాక్సీల కథ చెప్పుకుందాం.

1938లో హార్వర్డ్ శాస్త్రవేత్త హార్లో షాప్లీ, దక్షిణాఫ్రికాలో తీసిన ఫోటో ప్లేట్ల మీద ఒక మసక మచ్చని గుర్తించి ప్రకటించాడు. అదే స్కల్‌ప్టర్ మరుగుజ్జు గెలాక్సీ. దూరం సుమారు 2 లక్షల 80 వేల కాంతి సంవత్సరాలు. అందులో దాదాపు అన్నీ ముసలి నక్షత్రాలే. నక్షత్రం పుట్టాలంటే చల్లటి హైడ్రోజన్ వాయువు కావాలండీ, అక్కడ అదే లేదు. మరి ఆ వాయువు ఏమైనట్టు?

1974లో ఎస్టోనియాలోని టార్టు అబ్జర్వేటరీకి చెందిన యాన్ ఐనాస్తో బృందం ఒక పని చేసింది. పెద్ద గెలాక్సీల చుట్టూ ఉన్న చిన్నవాటిని దూరాన్ని బట్టి వరుసగా పేర్చి చూశారు. దగ్గరున్నవాటిలో వాయువు లేదు, దూరంగా ఉన్నవాటిలో ఉంది! అంటే పెద్ద గెలాక్సీ చుట్టూ మన కంటికి కనపడని పెద్ద ఆవరణం ఏదో ఉండాలి అన్నారు.

అందులో వేడి వాయువు పలచగా పరుచుకుని ఉంటుంది. బండి మీద వేగంగా వెళ్తుంటే ఎదురుగాలికి భుజం మీది కండువా ఎగిరిపోతుంది కదా? అలాగే దాని గుండా దూసుకెళ్ళే చిన్న గెలాక్సీ తన వాయువుని పోగొట్టుకుంటుంది. చిన్నది కాబట్టి పట్టి ఉంచే ఆకర్షణ బలం తక్కువ. నక్షత్రాలు మాత్రం బరువైనవి, ఎగిరిపోవు, మిగిలిపోతాయి.

దీనికి మంచి సాక్ష్యం లియో టి. 2007లో ప్రకటించారు. చాలా చిన్నది, అయినా అందులో ఇంకా వాయువు ఉంది, వయసులో ఉన్న నక్షత్రాలూ ఉన్నాయి. ఎందుకని? దూరం సుమారు 14 లక్షల కాంతి సంవత్సరాలు!

మరి మాగెల్లానిక్ మేఘాలు దగ్గరే ఉన్నా నక్షత్రాలు పుట్టిస్తున్నాయే అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మొదటిది, అవి కాస్త పెద్దవి. రెండోది, 2006లో హబుల్ కొలతలు వాటి వేగం అనుకున్నదానికంటే ఎక్కువని చూపించాయి. బహుశా మన దగ్గరికి రావడం ఇదే మొదటిసారి కావచ్చు. అయినా నష్టం మొదలైంది. వాటి వెనక సాగిన హైడ్రోజన్ తోకని ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోప్ 1974లోనే చూపించింది. వాటిలో ఒకదాన్నొకటి లాక్కున్న వాయువూ ఉంది.

ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ళు ఊరి వెలుతురుకి దూరంగా వెళ్తే ఆ మేఘాల్ని మామూలు కంటితోనే చూడొచ్చు. ఈసారి చూసినప్పుడు ఆ తోక సంగతి గుర్తు చేసుకోండి. ఉంటానండీ.