ఆవకాయ జాడీ చెప్పిన చరిత్ర

ఆవకాయ రుచి గురించి మనవాళ్ళు చెప్పుకోనిది లేదు. దాన్ని పెట్టుకునే జాడీ గురించి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు కనపడదు. నేనూ పట్టించుకోలేదు. డాక్టరునై ఉండి కూడా ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు మా అబ్బాయి రక్తపరీక్ష కావలసి వచ్చింది.

2013 వేసవిలో అమ్మ తెనాలి నుంచి రెడ్‌మండ్ వచ్చింది. పచ్చి మామిడికాయలు దొరకగానే ఆవకాయ పెడతానంది. "జాడీ ఏదే?" అని అడిగింది. మా ఇంట్లో జాడీ లేదు. అంతకు ముందు ఏడు మెక్సికో వెళ్ళినప్పుడు సంతలో ముచ్చటపడి కొన్న ఆకుపచ్చ మట్టికూజా ఒకటి ఉంది. మూత ఉంది, లోపలా బయటా అద్దంలా మెరుస్తోంది. అదే తీసి ఇచ్చాను. అమ్మ దాన్ని వేలితో మీటి, "ఖంగుమనడం లేదే అమ్మాయ్!" అంది. నేను నవ్వేశాను. మూడో రోజు ఆవకాయ తిరగగలిపి, అందులోకి ఎత్తి, వాసెన కట్టింది.

రెండేళ్ళ మా వాడికి ముద్దపప్పు అన్నంలో అమ్మమ్మ రోజూ ఆ ఊట వేలితో కాస్త రాసి పెట్టేది. కొన్ని నెలల తరువాత చేసిన రక్తపరీక్షలో సీసం డెసిలీటరుకు 9 మైక్రోగ్రాములు వచ్చింది. జాగ్రత్త పడమని సీడీసీ వారు చెప్పే హద్దు అప్పట్లో 5. 2021లో దాన్ని 3.5కి దించారు. నిజానికి పిల్లలకు సీసం ఇంత వరకు ఫరవాలేదని చెప్పదగ్గ మోతాదు ఏదీ లేదు.

మా ఇల్లు కొత్తది, పాత పెయింటు భయం లేదు. పసుపు, కారం అన్నీ అనుమానించాం. చివరికి మావారు ఆ కూజా ఖాళీ చేసి దీపం కింద పెట్టి చూశారు. ఆయన ఇంజనీరు. పైభాగం తళతళలాడుతోంది. ఊరగాయ తగిలిన మేర మాత్రం మెరుపు పోయి, వెలిసిపోయినట్టుంది. పరీక్షకు పంపిస్తే సీసమేనని తేలింది. ఆ కూజా ఇచ్చింది నేను. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అది మరీ కష్టంగా అనిపించింది.

ఆ తరువాత మేమిద్దరం కూర్చుని ఈ మెరుపు కథ తెలుసుకున్నాం. మట్టిపాత్ర మీద మెరిసే గ్లేజు అంటే కరిగించిన రాయి, ఒక రకం గాజు. దాని మూలపదార్థం సిలికా, అంటే మన పలుగురాయి. అది ఒక్కటే కరగాలంటే దాదాపు 1,700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఏ కుమ్మరి ఆవమూ అంత వేడెక్కదు. కనుక త్వరగా కరగడానికి తోడుగా మరో ఖనిజం కలపాలి. ఆ తోడు ఏమిటన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది.

ఒక దారి సీసం. గెలీనా అనే సీసపు రాయిని పొడిచేసి పూస్తే 1,000 డిగ్రీల లోపే నున్నటి మెరుపు వస్తుంది. కట్టెల ఖర్చు తక్కువ, రంగులు బాగా పండుతాయి. రోమన్లూ, చైనాలో హాన్ వంశం నాటి కుమ్మరులూ ఈ దారి పట్టారు. మెక్సికో పల్లెల్లో ఇప్పటికీ ఉంది. గెలీనా మనకు కొత్తదేమీ కాదు. సురుమాలో చాలాసార్లు ఉండేది అదే. వినుకొండ దగ్గర అగ్నిగుండాల ప్రాంతంలో, బండ్లమొట్టు కొండలో హిందూస్తాన్ జింక్ వారు ఒకప్పుడు తవ్వి తీసిందీ అదే.

రెండో దారి పెద్ద మంట. ఫెల్‌స్పార్ కలిపి 1,200 డిగ్రీలు దాటిస్తే సీసం అవసరం లేదు. జర్మనీ కుమ్మరులు మండుతున్న బట్టీలో ఉప్పు చల్లేవారు; ఆ ఆవిరిలోని సోడియం మట్టిలోని సిలికాతో కలిసి గాజుపొర అయ్యేది. చైనావారు ఇంకా చాలా ముందే పెద్ద మంట నేర్చారు. వారి పింగాణీ మన తీరానికీ వచ్చింది. పాత నెల్లూరు జిల్లా కొత్తపట్నం తవ్వకాల్లో ఆ పెంకులు దొరికాయి. హిందీవారు ఊరగాయ జాడీని మర్తబాన్ అంటారు. అది బర్మా రేవు పేరు. పెద్ద జాడీలు ఆ రేవు మీదుగా వచ్చేవి.

మన ఇళ్ళలో పైన గోధుమరంగు, కింద మీగడరంగు ఉండే జాడీ ఈ రెండో దారిది. సీసం లేకుండా ఫెల్‌స్పార్, జింకు ఆక్సైడులతో చేసే ఆ తరహా పూత ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 1830లలో మొదలైంది. గోధుమరంగు ఇనుముది. పెద్ద మంటలో కాలిన మట్టి రాయిలా బిగుస్తుంది. అందుకే మీటితే ఖంగుమంటుంది. అమ్మ వేలికి తెలిసిన ఈ సంగతి నా చదువుకు తెలియలేదు.

సీసం పూత సరిగా కాలకపోతే పులుపు దాన్ని కరిగిస్తుంది. ఆకుపచ్చ కోసం రాగి కలిపితే సీసం మరింత సులువుగా బయటికి వస్తుంది. 1970లో మాంట్రియల్ వైద్యులు ఇలాంటి కూజాలో నిలవ ఉంచిన యాపిల్ రసం తాగి ఒక చిన్నపిల్లవాడు చనిపోయిన సంగతి ప్రకటించారు. మన పక్కనే సియాటిల్‌లో ఒక దంపతులు ఇటలీ నుంచి తెచ్చుకున్న కప్పుల్లో కాఫీ తాగి సీసం బారిన పడ్డారు. పింగాణీ పాత్రల నుంచి సీసం వెలువడడం గురించి వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు పాల్గొన్న వ్యాసం 1985లో వచ్చింది. 1990ల మొదట్లో ఎఫ్‌డీఏ హద్దులు బిగించింది. పాత్రలో 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి 24 గంటలు ఉంచుతారు. అందులోకి దిగిన సీసం కాఫీ కప్పులకైతే మిల్లీలీటరుకు 0.5 మైక్రోగ్రాము మించరాదు. మన ఆవకాయ మరి 24 గంటలు కాదు, ఏడాది పొడుగునా ఉంటుంది!

తినేవారికన్నా ముందు బాధపడింది చేసేవారు. ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో పూత ముంచే పనివారు, వారిలో ఎందరో ఆడవాళ్ళు, సీసంతో జబ్బు పడేవారు. 1899లో థార్ప్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆలివర్ అనే వైద్యుడు కలిసి ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. ఒక కెమిస్టు, ఒక డాక్టరు కలిస్తేనే ఆ పని జరిగింది. మా ఇంట్లోనూ అంతే.

ఈ కథ మట్టిపాత్రలతో ఆగలేదు. 2022లో మన కింగ్ కౌంటీ ప్రజారోగ్య శాఖ, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు కలిసి శరణార్థి కుటుంబాల అల్యూమినియం పాత్రలలో సీసం ఉన్నట్టు చూపించారు. 2024లో మన రాష్ట్రం వంటపాత్రల్లో సీసానికి హద్దు పెడుతూ చట్టం చేసింది.

ఇందువల్ల నేను మిత్రులకు చెప్పేది కొంచెమే. సంతలో కొన్న రంగురంగుల పాత్రలు అలమరలో అందానికి ఉంచండి. చింతపండు, మామిడి, నిమ్మ, పెరుగు వాటిలో పెట్టకండి. అంగడిలో దొరికే పరీక్షపుల్లలు సీసం ఉందంటే నమ్మండి; లేదన్నంత మాత్రాన ధీమా పడకండి. ఖంగుమనడం మంచి గుర్తే కాని సాక్ష్యం కాదు, పైన వేసిన రంగుల్లో సీసం ఉండవచ్చు. అనుమానం ఉంటే గాజు సీసా వాడండి. పేరులో ఉన్నా అందులో సీసం భయం లేదు. చిన్నపిల్లలుంటే ఒకసారి రక్తపరీక్ష చేయించండి. సీసం తొలిరోజుల్లో ఏ లక్షణమూ చూపదు.

కూజా తీసేశాక మా వాడి రక్తంలో సీసం మెల్లగా తగ్గింది. ఇప్పుడు వాడు ఎత్తులో నన్ను దాటాడు. ఆ కొన్ని నెలలు వాడి నుంచి ఏమైనా తీసుకున్నాయా అంటే చెప్పగల పరీక్ష లేదు. ఆ ప్రశ్న నాతోనే ఉంటుంది.

మరుసటి ఏడు అమ్మ తన పాత జాడీని చీరల మడతల్లో చుట్టి, విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. దాన్ని కూడా పరీక్షకు పంపించాం. అమ్మ ఏమీ అనుకోలేదు, "పంపించవే, మంచిదేగా" అంది. సీసం లేదని తేలాకే ఆవకాయ పెట్టాం. ఈ ఉగాది పచ్చడి కలిపే ముందు మీరూ ఒకసారి మీ పాత్ర వంక చూడండి.