ఫార్మాట్ చేయించే ముందు: ఫైళ్లు పోకుండా విండోస్‌ను మళ్లీ వేసుకోవడం ఎలా?

కంప్యూటర్ బాగా స్లో అయినా, మాటిమాటికీ ఆగిపోతున్నా చాలామంది ఇచ్చే సలహా ఒకటే: ‘ఫార్మాట్ కొట్టించండి’. కానీ ఫార్మాట్ చేస్తే ఆ డ్రైవ్‌లో ఉన్న నికాహ్ ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు, పాస్‌పోర్ట్ స్కాన్ కాపీలు అన్నీ పోతాయి. మన ఫైళ్లను అలాగే ఉంచి సిస్టమ్‌ను మాత్రం కొత్తగా వేసే సదుపాయం విండోస్ 10, 11లలోనే ఉంది. దాని పేరు ‘రీసెట్ దిస్ పీసీ’. సీడీ, పెన్‌డ్రైవ్ అక్కర్లేదు.

ముందు ఈ మూడు పనులు చేయండి

1. ముఖ్యమైన ఫైళ్లను వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. మధ్యలో ఏదైనా తేడా వస్తే అదే ఆధారం.
2. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చూసి కాగితం మీద రాసుకోండి. సిస్టమ్ కీ అడిగినప్పుడు అది లేకపోతే డ్రైవ్ తెరుచుకోదు.
3. ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టి ఉంచండి. పని పూర్తయ్యే వరకు ఆఫ్ చేయొద్దు.

చేసే పద్ధతి

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలోకి వెళ్లండి. విండోస్ 10లో సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, రికవరీ. అక్కడ ‘రీసెట్ పీసీ’ లేదా ‘గెట్ స్టార్టెడ్’ నొక్కితే రెండు దారులు కనిపిస్తాయి.

‘కీప్ మై ఫైల్స్’ అంటే ఫోటోలు, డాక్యుమెంట్లు ఉంటాయి. మీరు వేసుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి. ఉర్దూ టైపింగ్‌కు ఇన్‌పేజ్, తెలుగుకు అను స్క్రిప్ట్ వాడేవాళ్లు వాటిని మళ్లీ వేసుకోవాలి. సెటప్ ఫైలు, లైసెన్స్ వివరాలు దగ్గర ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

‘రిమూవ్ ఎవ్రీథింగ్’ అంటే అన్నీ పోతాయి. కంప్యూటర్ అమ్మేటప్పుడో, ఇంకొకరికి ఇచ్చేటప్పుడో ఇది పనికొస్తుంది.

తర్వాత ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ ఎంచుకుంటే సుమారు 4 జీబీ డేటా ఖర్చవుతుంది. ‘లోకల్ రీఇన్‌స్టాల్’కు నెట్ అవసరం లేదు. కానీ సిస్టమ్ ఫైళ్లే పాడై ఉంటే క్లౌడే మేలు.

విండోస్ అసలు తెరుచుకోకపోతే?

లోగో కనిపించగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆఫ్ చేయండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే రికవరీ స్క్రీన్ వస్తుంది. అందులో ‘ట్రబుల్‌షూట్’, ఆ తర్వాత ‘రీసెట్ దిస్ పీసీ’ ఎంచుకోండి.

హార్డ్‌డిస్క్ నుంచి టిక్ టిక్ శబ్దం వస్తుంటే మాత్రం రీసెట్ జోలికి పోవద్దు. ముందు డేటా బయటికి తీయించుకోండి. షాపుకు ఇచ్చినా ‘ఫైళ్లు ఉండాలి’ అని మొదటే స్పష్టంగా చెప్పండి.