రంగం బీబీ కాగితాలు

మా ఉత్తరాంధ్రలో రంగూన్‌ని రంగం అనేవాళ్ళు. ఫలానావాడు రంగం పోయాడంటే ఇంట్లో అప్పుందని అర్థం. కళింగపట్నం, భీమునిపట్నం లాంటి రేవుల్లో ఓడెక్కి వెళ్ళిన మనవాళ్ళని అక్కడ కోరంగీలన్నారు. మూట మోసేచోట హిందువూ ముసల్మానూ తేడా లేదు, అందరూ కోరంగీలే. 1930 మే నెలలో రంగం రేవులో తెలుగు కూలీల సమ్మెతో మొదలైన గొడవలో పారింది వాళ్ళ రక్తమే.

వెళ్ళినవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. కొందరు అక్కడి స్త్రీలతో కాపురాలు పెట్టారు, మావాళ్ళు నిఖా చేసుకున్నారు. ఆ పిల్లల్ని జనాభా లెక్కల్లో జేర్‌బాదీలని రాశారు. 1938 అల్లర్ల వెనకే, 1939లో బర్మా బౌద్ధ స్త్రీల పెళ్ళిళ్ళ మీద ప్రత్యేక చట్టం వచ్చింది. 1941 నాటి ఇండో-బర్మా వలస ఒప్పందమైతే మరీ ముందుకుపోయింది. బర్మా స్త్రీని చేసుకున్నా, ఆమెతో కాపురమున్నా వలసవచ్చిన మగాడి పర్మిట్ రద్దు చేయొచ్చంది. యుద్ధం వచ్చిపడి ఒప్పందం అమలు కాలేదు. పడక మీద పహరా పెట్టాలన్న బుద్ధి మాత్రం పోలేదు.

1948లో బర్మా స్వతంత్రమైంది. 1942కి గానీ 1948కి గానీ ముందరి పదేళ్ళలో ఎనిమిదేళ్ళు అక్కడ ఉన్నట్టు చూపిస్తే పౌరసత్వం కోరుకోవచ్చన్నారు. చూపించడం దేనితో? 1942లో బాంబులకి భయపడి అడవుల్లోంచి కాలినడకన వచ్చినవాడి దగ్గర రసీదులుంటాయా? ఉన్నవాళ్ళు పెట్టిన దరఖాస్తులూ ఏళ్ళ తరబడి కదల్లేదు. ఆలోగా చేతికొచ్చింది విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డు. 1962లో సైన్యం వచ్చింది, 1964లో దుకాణాలు జాతీయమయ్యాయి, యాభై, వంద చాట్ల నోట్లు చెల్లకుండా పోయాయి. లక్షకు పైగా జనం ఓడల్లో మద్రాసుకీ విశాఖకీ వచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు పేరు అప్పటిదే.

భర్త కాందిశీకుడు, భారతీయుడు. మరి భార్య? 1955 చట్టం భారతీయుడి భార్యకి నమోదు దారి చూపించింది. ఎన్నేళ్ళు ఇక్కడుండాలన్న షరతు అందులో లేదు. దారి ఉందని చెప్పేవాడెవడు? ఆమెకి తెలుగు రాదు, అతనికి చదువు రాదు. పైగా బర్మా ముస్లింలకి తరచూ రెండు పేర్లుంటాయి. నిఖానామాలో ఒకటి, సర్కారు కార్డులో ఒకటి. ఇద్దరూ ఒక్క మనిషేనని గుమాస్తాని ఒప్పించాలి.

1986లో అయిదేళ్ళ నివాసం షరతు పెట్టారు. దాంతోపాటు విదేశీ భర్తకీ దారి తెరిచారు, అది మెచ్చుకోవాల్సిందే. 2003 సవరణ అయిదుని ఏడు చేసింది. అంతకన్నా పెద్ద దెబ్బ, అక్రమ వలసదారుకి ఈ నమోదు వర్తించదన్నది. అనుమతి గడువు దాటి ఉండిపోయినవాళ్ళూ ఆ మాట కిందకే వస్తారు. అంటే వీసా పొడిగింపు కాగితం ఆఫీసులో నిలిచిపోతే కోడలు నేరస్తురాలయ్యే ప్రమాదం. ఆలస్యం ఎవరిదో చట్టం అడగదు.

అటు బర్మాలోనూ ఇదే తంతు. 1982 చట్టం ప్రకారం పెళ్ళి చేసుకున్నంత మాత్రాన పౌరసత్వం రాదు. ఆ చట్టం రాకముందే విదేశీయుల కార్డు తీసుకుని, మూడేళ్ళు చట్టబద్ధంగా కాపురం చేసిన ఏకైక భార్యో భర్తో అయితేనే దరఖాస్తుకి అర్హత. కార్డు తర్వాత చేతికొచ్చినవాళ్ళకి ఆ తలుపు మూసేశారు. అక్కడే ఉండిపోయిన కోరంగీ కుటుంబాల్లో ఈ తేదీ ఎన్ని గీతలు గీసిందో!

2019లో మన పార్లమెంటు కొందరు వలసదారులకి తేలిక దారి వేసింది. 2024 మార్చిలో నియమాలూ వచ్చాయి. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్ళకి. ఆ దేశాల్లో బర్మా లేదు, ఆ మతాల్లో మాది లేదు. రంగం బీబీ ఏడేళ్ళూ లెక్కపెట్టుకుని కలెక్టరాఫీసు మెట్లెక్కాల్సిందే.