వేయి చేతుల యంత్రములు - వాని వేగపు లెక్క

కార్తవీర్యార్జునునకు బాహువులు వేయి యున్నను, పరశురామునితోడి యుద్ధమున ఆతడు ఏకకాలమున బాణములు సంధించిన విండ్లు ఐదువందలేయని భాగవత నవమస్కంధమున గలదు. ఒక్కొక్క వింటికి రెండు చేతులు కావలెను గదా! చేతుల లెక్క వేరు, బాణముల లెక్క వేరు. సూపర్ కంప్యూటర్ల విషయమున శాస్త్రజ్ఞులు సుమారు అరువదేండ్లుగా ఈ భేదమునే చర్చించుచున్నారు. ఆ చరిత్రను పాఠక మహాశయులకు విన్నవించుట ఈ వ్యాసోద్దేశము.

గొప్ప లెక్క నొకదానిని ముక్కలుగా విభజించి, వేలకొలది గణనయంత్రములకు పంచి, అన్నిటిచేత ఒక్కమారుగా చేయించుటయే సమాంతర గణనము. దీనికి అవధి కలదని 1967లో అమెరికాలో జీన్ ఆమ్డాల్ అను ఇంజనీరు వాదించెను. నూరు దినముల పనిలో 95 దినముల పని పంచుకొనదగినదియు, 5 దినముల పని ఒక్కరే వరుసగా చేయవలసినదియు ననుకొందము. వేయిమంది కూలీలను పెట్టినను ఆ 5 దినములు తప్పవు. కావున వేగము 20 రెట్లకు మించజాలదు.

ఆ కాలముననే ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు ‘ఇల్లియాక్ 4’ అను యంత్రమును తలపెట్టిరి. సెకనుకు నూరు కోట్ల గణనములు చేయవలెనని సంకల్పము. 256 గణనభాగములు ఉద్దేశింపబడగా 64 మాత్రమే నిర్మింపబడెను. 80 లక్షల డాలర్ల అంచనా 3 కోట్ల 10 లక్షలకు పెరిగెను. 1972లో కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ కేంద్రమునకు చేరిన పిమ్మటను, అది నమ్మదగినట్లు పనిచేయుటకు మరికొన్ని యేండ్లు పట్టెను.

1985లో అలన్ కార్ప్ అను శాస్త్రజ్ఞుడు, నిజమైన పనిలో 200 రెట్ల వేగము చూపినవారికి 100 డాలర్లు బహుమాన మిత్తునని ప్రకటించెను. 1988లో శాండియా ప్రయోగశాలకు చెందిన గుస్తాఫ్సన్, మాంట్రీ, బెన్నర్ అనువారలు 1024 గణనభాగముల యంత్రముతో ఆ పందెము గెలిచిరి. లెక్క పరిమాణమును మార్చక చేసినప్పుడు వేగము 502 మొదలు 637 రెట్లు. యంత్రమునకు దీటుగా లెక్కను పెంచినప్పుడు 1009 మొదలు 1020 రెట్లు. కూలీలు పెరిగినచో రైతు అదే మడి దున్ని ఊరకుండునా, అదనపు భూమిని దున్నించును గాని, యని గుస్తాఫ్సన్ వాదము. రెండు లెక్కలును సత్యములే. ఏ లెక్కయో చెప్పకుండుటయే దోషము.

ఈ దోషమునే 1991లో నాసా ఏమ్స్‌కు చెందిన డేవిడ్ బెయిలీ పరిహాస వ్యాసముగా వ్రాసి, జనులను మోసగించు పండ్రెండు ఉపాయములను పేర్కొనెను. లోపలి చిన్నభాగపు వేగమును మొత్తము పని వేగముగా చూపుట, తక్కువ సూక్ష్మతతో చేసిన లెక్కను ఎక్కువ సూక్ష్మతతో చేసినవారి లెక్కతో పోల్చుట, వేరేమియు లేనప్పుడు రంగుల బొమ్మలు చూపుట - ఇట్టివి వానిలో కొన్ని.

1993 నుండి లోకములోని 500 మేటి యంత్రముల పట్టిక, అన్నిటికి ఒకే పరీక్షతో ప్రకటింపబడుచున్నది. తొలి పట్టికలో ప్రథమస్థానము పొందిన ‘సి.ఎం. 5’ యంత్రపు కట్టుబడి శక్తి సెకనుకు 131 వందకోట్ల గణనములు. పరీక్షలో తేలినవి 59.7 మాత్రమే. 2022లో టెన్నెసీలోని ‘ఫ్రాంటియర్’ యంత్రపు శక్తి 1.685 ఎక్సా, అనగా 1.685ను ఒకటి ప్రక్కన పదునెనిమిది సున్నలుగల సంఖ్యచే గుణించినంత. పట్టిక పరీక్షలో తేలినది 1.102 ఎక్సా. నిజమైన శాస్త్రకార్యములకు చేరువయైన మరియొక పరీక్షలో తేలినది 0.014 ఎక్సా, శక్తిలో నూటికి ఒకటికన్న తక్కువ. చదువరి ఎంత శీఘ్రముగా చదువగలవాడైనను బీరువానుండి గ్రంథము వచ్చువరకు వేచియుండవలెను గదా! యంత్రమును అట్లే స్మృతికోశమునుండి అంకెలు వచ్చుటకై వేచియుండును.

అట్లయిన ఈ యంత్రముల వేగము అబద్ధమా? కాదు. ఆ 0.014 సైతము సెకనుకు 14 లక్షల కోట్లకు వేయిరెట్లు. ఏ ఏకాంగ యంత్రమును దానికి సాటిరాదు. గ్రామ లెక్కలు వ్రాయువారము డిమాండు, వసూలు, బాకీ అని మూడు గడులు గీయుదుము. డిమాండు గడిలోని మొత్తమును వసూలని చదివినవాడు ఖజానాను గుల్లచేయును. యంత్రముల విషయమునను, ప్రజాధనము వెచ్చించు ప్రభుత్వములు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: “ఈ అంకె ఏ గడిలోనిది?” ఆ ప్రశ్న అడుగు నలవాటును పదిమందికి కలిగించుటకే గదా, గ్రంథాలయములు వెలసినవి.