ఓడ మీద రెండో బంతి

క్రూయిజ్ టికెట్ కొన్నవాళ్లని కంపెనీ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి చాలా మామూలుగా ఉంటుంది: రాత్రి భోజనం ఎలా కావాలి? సాధారణంగా రెండు దారులుంటాయి. మొదటిది పాత పద్ధతి. రోజూ ఒకే టైము, ఒకే టేబుల్, అదే వెయిటర్, ఎదురుగా అవే మొహాలు. ఇందులో మళ్లీ రెండు విడతలు: సాయంత్రం ఆరింటి ప్రాంతంలో ఒకటి, ఎనిమిది దాటాక ఇంకొకటి. రెండో దారి పేరు ఫ్లెక్సిబుల్ డైనింగ్. ఆకలేసినప్పుడు వెళ్లొచ్చు, ఖాళీ ఉంటే కూర్చోవచ్చు, లేదంటే ముందే యాప్‌లో టేబుల్ రిజర్వు చేసుకోవచ్చు. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టుకుంది: ఫ్రీస్టైల్, మై టైమ్, ఎనీటైమ్. పేర్లన్నిటిలోనూ వినిపించేది ఒకటే, 'నీ ఇష్టం'.

చూడ్డానికి ఇది చిన్న సౌకర్యం. కానీ ఈ 'నీ ఇష్టం' అనే మాట ఓడ భోజనశాలలోకి రావడానికి నూట యాభై ఏళ్లకి పైనే పట్టింది. ఎందుకంటే అక్కడ ఎప్పుడూ ఉన్న చిక్కు, పెళ్లి భోజనాలు పెట్టిన ప్రతి ఇంటికీ తెలిసిన చిక్కే: జనం ఎక్కువ, కూర్చునే చోటు తక్కువ. మనవాళ్లు దీనికి బంతులు వేశారు. మొదటి బంతి లేచాక రెండో బంతి. ఇంగ్లీషు ఓడలవాళ్లు 'సిటింగ్' అన్నది దీన్నే. బంతులు వేయగానే వెంటనే ఇంకో ప్రశ్న పుడుతుంది, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలి అని. మన ఊళ్లలో ఈ ప్రశ్నకి కులం జవాబు చెప్పింది, అందుకే సహపంక్తి భోజనం అనేది ఒక ఉద్యమం కావాల్సి వచ్చింది. ఓడల మీద జవాబు చెప్పింది టికెట్టు ధర, జాతి, హోదా. ఆ జవాబులు ఎలా మారుతూ వచ్చాయన్నదే ఓడ మీద డిన్నర్ టేబుల్ చరిత్ర.

ఆవిరి ఓడల తొలిరోజుల్లో ఎంపిక అనే మాటకే చోటు లేదు. 1842 జనవరిలో చార్లెస్ డికెన్స్ లివర్‌పూల్ నుంచి బోస్టన్‌కి కునార్డ్ కంపెనీ 'బ్రిటానియా'లో వెళ్లాడు. ఆ ఓడ సెలూన్, అంటే భోజనశాల, ఆయనకి కిటికీలు పెట్టిన శవపేటిక బండిలా కనిపించింది. ఇరుకు గది, పొడుగాటి బల్లలు. గంట కొట్టినప్పుడు అందరూ తినాల్సిందే, పెట్టింది తినాల్సిందే. పాల కోసం ఓడ మీద ఒక ఆవుని కూడా తీసుకెళ్లేవారు. అలలకి పళ్లేలు జారిపోకుండా టేబుళ్ల అంచులకి చెక్క పట్టీలు బిగించేవారు. 1871లో వైట్ స్టార్ లైన్ 'ఓషియానిక్'ని నడిపేటప్పుడు భోజనశాలని ఓడ మధ్యలో, కుదుపు తక్కువుండే చోట, ఓడ వెడల్పంతా వచ్చేలా కట్టింది. పొడుగు బెంచీల స్థానంలో ఎవరి కుర్చీ వాళ్లకి వేసింది. బెంచీ మీద మధ్యలో ఇరుక్కున్నవాడు లేవాలంటే పక్కవాళ్లందరూ కదలాలి. కుర్చీ వచ్చాక మనిషికి తనదంటూ ఒక స్థానం వచ్చింది. ఆ స్థానం ఎక్కడో నిర్ణయించే అధికారం మాత్రం ఓడ సిబ్బంది చేతిలోనే ఉండిపోయింది.

ఆ అధికారానికి శిఖరం కెప్టెన్ టేబుల్. అక్కడికి పిలుపు వస్తే ప్రయాణం అంతా ఒక గౌరవం. అక్కడ్నుంచి ఎంత దూరంగా కూర్చోబెట్టారన్నది నీ విలువకి కొలత. నవలలు రాసినవాళ్లు ఈ దూరాన్ని వదల్లేదు. మైకేల్ ఒండాట్జీ 'ది క్యాట్స్ టేబుల్' (2011) పేరే అందులోంచి వచ్చింది. 1950ల మొదట్లో కొలంబో నుంచి ఇంగ్లండ్ వెళ్తున్న 'ఒరోన్సే' అనే ఓడలో పదకొండేళ్ల కుర్రాడికి కెప్టెన్ టేబుల్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న టేబుల్ దొరుకుతుంది. అది పిల్లి కూర్చునే చోటన్నమాట. ఆ టేబుల్ దగ్గర చేరిన వింత మనుషులే వాడికి బడి అవుతారు. కేథరిన్ ఆన్ పోర్టర్ 'షిప్ ఆఫ్ ఫూల్స్' (1962) దీనికి చీకటి ముఖం. 1931లో మెక్సికో నుంచి జర్మనీ వెళ్తున్న ఒక జర్మన్ ఓడ. కెప్టెన్ టేబుల్ దగ్గర కూర్చునే ఫ్రైటాగ్ అనే జర్మన్‌కి యూదు భార్య ఉందని తెలుస్తుంది. అంతే, అతని కుర్చీ మారిపోతుంది. ఓడలో ఉన్న ఒకే ఒక్క యూదుడి టేబుల్‌కి అతన్ని పంపిస్తారు. రాబోయే కాలం ఎలా ఉండబోతోందో చెప్పడానికి పోర్టర్‌కి సీటింగ్ చార్టులో ఒక్క మార్పు సరిపోయింది.

అసలు ఆ టేబుల్ దగ్గరికి వెళ్లలేకపోయినవాళ్ల మాటేమిటి? 1888 సెప్టెంబరులో బొంబాయి నుంచి 'క్లైడ్' ఓడలో ఇంగ్లండ్ బయల్దేరిన పద్దెనిమిదేళ్ల గాంధీకి భోజనశాలలో చోటుంది, డబ్బు కూడా కట్టాడు. కానీ కత్తీ ఫోర్కూ వాడటం రాదు. ఏ వంటకంలో మాంసం లేదో అడగడానికి ధైర్యం చాలలేదు. అందుకని టేబుల్ దగ్గరికి వెళ్లడమే మానేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పళ్లతో క్యాబిన్‌లోనే గడిపానని ఆత్మకథలో రాసుకున్నాడు. ఇంకా కింద, అదే కాలంలో, మన తీరం నుంచి కూలి పనికి రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లున్నారు. బర్మాలో వాళ్లని కోరంగీలనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. వాళ్లు డెక్ ప్యాసింజర్లు. వాళ్లకి దక్కింది డెక్కు మీద చెక్కపలకలు. ఎవరి పక్కన కూర్చోవాలన్న ప్రశ్న రావాలంటే ముందు ఒక టేబుల్ ఉండాలి కదా!

'ఇష్టమైనప్పుడు తినొచ్చు' అన్న ఆలోచన ఓడ ఎక్కింది 1905లో. ఎక్కించింది హాంబర్గ్ అమెరికా లైన్ అధిపతి ఆల్బర్ట్ బాలిన్. డబ్బున్నవాళ్లు లండన్ కార్ల్‌టన్ హోటల్లో అనుభవించే సుఖాన్ని సముద్రం మీదికి తేవాలనుకున్నాడు. 'అమెరికా' అనే ఓడలో మామూలు భోజనశాలకి తోడు, విడిగా డబ్బు చెల్లించి తినే రిట్జ్-కార్ల్‌టన్ రెస్టరెంట్ తెరిచాడు. అక్కడ గంట లేదు, సీటింగ్ చార్టు లేదు. మెనూ చూసి కావలసింది చెప్పొచ్చు, ఎవరితో కూర్చోవాలో నువ్వే తేల్చుకోవచ్చు. ఈరోజు యాప్‌లో నొక్కే బటనుకి ముత్తాత ఈ రెస్టరెంటే.

ఆ ఆలోచనని వైట్ స్టార్ వాళ్లు కూడా అందుకున్నారు. 'టైటానిక్' బి డెక్ మీద ఒక ఆ లా కార్ట్ రెస్టరెంట్ ఉండేది. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పదకొండు దాకా ఫస్ట్ క్లాస్‌వాళ్లు ఎప్పుడైనా రావొచ్చు. భోజనాలన్నీ అక్కడే చేస్తామంటే టికెట్ ధరలో కొంత తగ్గింపు. 1912 ఏప్రిల్ 14 రాత్రి ఫిలడెల్ఫియా ధనికులు వైడెనర్ దంపతులు కెప్టెన్ స్మిత్‌కి విందు ఇచ్చింది ఇక్కడే. గమనించండి, కెప్టెన్ అతిథుల్ని పిలిచే టేబుల్ తిరగబడి, అతిథులు కెప్టెన్‌ని పిలిచే టేబుల్ అయింది. డబ్బు కట్టినవాడు తన పంక్తిని తనే వేసుకోగలిగాడు.

కానీ ఆ స్వేచ్ఛ వడ్డించినవాళ్లది కాదు. ఆ రెస్టరెంట్‌ని కాంట్రాక్టుకి నడిపింది లుయిజి గాట్టి అనే ఇటాలియన్. వంటవాళ్లు, వెయిటర్లు కలిపి అరవై మందికి పైగా ఉన్నారు, ఎక్కువమంది ఇటాలియన్లు, ఫ్రెంచివాళ్లు. వాళ్లు ఓడ కంపెనీ ఉద్యోగులు కారు, గాట్టి మనుషులు. ప్రయాణికులతో సమానం ఎలాగూ కారు. ఓడ మునిగినప్పుడు వాళ్లలో బతికింది ముగ్గురే: ఇద్దరు మహిళా క్యాషియర్లు, పాల్ మోజే అనే గుమాస్తా. తన తోటివాళ్లని స్టీవర్డులు పైకి రానివ్వలేదని, తను మామూలు బట్టల్లో ఉండటంతో ప్రయాణికుడిలా కనిపించి వెళ్లగలిగానని మోజే తర్వాత బ్రిటిష్ విచారణలో చెప్పాడు. గాట్టి కూడా చనిపోయాడు. టైటానిక్ గురించి మనకి లెక్కలేనన్ని కథలు తెలుసు. ఎప్పుడంటే అప్పుడు వడ్డించడానికి రోజంతా నిలబడిన ఈ మనుషుల కథ మాత్రం తక్కువగా వినిపిస్తుంది.

1958లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు మొదలయ్యాక ఎక్కడికో చేరడానికి ఓడ ఎక్కేవాళ్లు తగ్గిపోయారు. 1966లో మయామీ నుంచి మొదలైన నార్వీజియన్ కరీబియన్ లైన్ లాంటి కంపెనీలు ఓడని విహారం చేశాయి. భోజనశాలల మధ్య తరగతుల గోడలు చాలామటుకు పోయాయి, రెండు బంతులు మాత్రం మిగిలాయి. కారణం లెక్కే. భోజనశాలలో ప్రయాణికుల్లో సగం మందికి సీట్లు కడితే చాలు, రెండు విడతల్లో అందరూ తినేస్తారు. వంటింటికి ఏ నిమిషాన ఎన్ని పళ్లేలు పంపాలో తెలుసు. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది: లోడ్‌ని ముందే రెండు సమాన భాగాలు చేసేస్తే సర్వర్ ఎప్పుడూ కూలిపోదు.

2000లో దీన్ని బద్దలు కొట్టింది అదే కంపెనీ. అప్పటికి దాని పేరు నార్వీజియన్ క్రూయిజ్ లైన్, ఆ ఏడాదే ఆసియాకి చెందిన స్టార్ క్రూయిజెస్ చేతికి వచ్చింది. 'ఫ్రీస్టైల్ క్రూయిజింగ్' అని పేరు పెట్టి, నిర్ణీత సమయం, నిర్ణీత టేబుల్, తప్పనిసరి సూటు బూటు అన్నిటినీ తీసేసింది. ఒక పెద్ద హాలుకి బదులు చాలా రెస్టరెంట్లు పెట్టింది. తర్వాతి దశాబ్దంలో పోటీ కంపెనీల్లో చాలా ఏదో ఒక రూపంలో ఆ దారి పట్టాయి. అయితే చాలావరకు పాత పద్ధతిని కూడా పక్కనే ఉంచుకున్నాయి.

ఎందుకు ఉంచుకున్నాయో రాయల్ కరీబియన్ అనుభవం చెబుతుంది. 2014 చివర్లో వచ్చిన 'క్వాంటమ్ ఆఫ్ ద సీస్' ఓడలో నాలుగు వేలకి పైగా ప్రయాణికులుంటారు. అందులో పెద్ద భోజనశాలే లేకుండా, 'డైనమిక్ డైనింగ్' పేరుతో నాలుగు రెస్టరెంట్లు పెట్టారు. రోజుకొక చోట, నచ్చిన టైముకి ముందే బుక్ చేసుకోవాలి. కాగితం మీద ఇది పూర్తి స్వేచ్ఛ. ఆచరణలో, సెలవుకి బయల్దేరేముందే ప్రతి రాత్రికీ ఒక రిజర్వేషన్ చేసుకోవడం ఒక పని అయి కూర్చుంది. రోజూ అదే టేబుల్, అదే వెయిటర్ కావాలనుకునేవాళ్లు నొచ్చుకున్నారు. 2016కల్లా కంపెనీ ఆ పద్ధతిని ఎత్తేసి, పాత బంతుల్ని, మై టైమ్‌ని పక్కపక్కనే పెట్టుకుంది. నలుగురికీ నచ్చే టైము ఒకటే అయినప్పుడు, నీ ఇష్టం అన్నది ముందు బుక్ చేసుకున్నవాడి ఇష్టంగా మారిపోతుంది. ఏడున్నరకి స్లాట్ దొరకనివాడు తొమ్మిదింటికి కూర్చుంటే అది రెండో బంతే. పిలిచేది గంట కాదు, ఫోను.

ఈ మార్పులో పోయింది ఇంకొకటుంది. 'వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫర్వాలేద'ని మన సామెత. పాత పద్ధతిలో వడ్డించేవాడు రెండో రోజుకే మనవాడైపోయేవాడు. ఎవరికి కారం పడదో, ఎవరి బిడ్డకి ఏం కావాలో గుర్తుపెట్టుకునేవాడు. చివరి రాత్రి కవర్లో డబ్బు పెట్టి చేతికిచ్చేవారు. రోజుకొక టేబుల్ అయ్యాక కవరు ఎవరికివ్వాలి? అందుకే రోజుకింత అని బిల్లులో కలిపే సర్వీస్ చార్జీ మామూలైంది. బేరీజు వేస్తే, ఒకడి దయ మీద ఆధారపడటం కొంత తగ్గింది, అది మంచిదే. కానీ గోవా నుంచో, ఫిలిప్పీన్స్ నుంచో, ఇండోనేషియా నుంచో నెలల తరబడి ఇల్లు వదిలి వచ్చిన ఆ మనిషికి ప్రయాణికుడి కళ్లలో ఉన్న పేరు, ఊరు కూడా దాంతోపాటే చెరిగిపోయాయి.

సీటింగ్ చార్టు తిరిగి రావాలని నేను కోరుకోను. ఫ్రైటాగ్ కుర్చీ మార్చిన చార్టు అది. తన టేబుల్ తను ఎంచుకునే వీలుంటే గాంధీ క్యాబిన్‌లో మిఠాయిలతో గడపాల్సిన అవసరం ఉండేది కాదేమో. అయితే అదే చార్టు ఒండాట్జీ కుర్రాడికి తను ఎప్పటికీ ఎంచుకోని మనుషుల్ని ఇచ్చింది కూడా. స్వేచ్ఛ ఇస్తే మనం దాదాపు ఎప్పుడూ మనవాళ్లతోనే కూర్చుంటాం. చార్టు ఇన్నాళ్లూ మన మీద రుద్దిన పంక్తిని, ఇప్పుడు మనమే ఇష్టంగా వేసుకుంటున్నామా అన్నది తేలాల్సిన విషయం.

కొన్ని ఓడల్లో ఇప్పటికీ, ముందు బుక్ చేసుకోకుండా వచ్చినవాళ్లని తలుపు దగ్గర నిలబడ్డ ఉద్యోగి ఒక ప్రశ్న అడుగుతారు: వేరేవాళ్లతో టేబుల్ పంచుకుంటారా? వద్దంటే విడిగా టేబుల్ ఖాళీ అయ్యేదాకా ఆగాలి. సరే అంటే చాలాసార్లు వెంటనే చోటు దొరుకుతుంది.